ఎక్కేటప్పుడు దగ్గు, దిగాక ముప్పు

చక్రాలు లేని బండిని ఎప్పుడైనా చూశారా? ముందు రెండు స్కీ బద్దలు, వెనుక గిరగిర తిరిగే రబ్బరు పట్టా. మీద మోటారు సైకిలు మాదిరి సీటు. అదే మంచుదేశాల స్నోమొబైల్. 1959లో కెనడాలోని వాల్‌కూర్‌లో బొంబార్డియే 'స్కీ-డూ' పేరుతో చిన్న బండ్లు చేసి అమ్మడంతో ఇది సామాన్య కుటుంబాల దాకా వచ్చింది.

నన్ను ఆకర్షించింది దాని వేగం కాదు, దాని ఊపిరి. గాలినీ పెట్రోలునూ పాళ్ళు కుదిర్చి కలిపేది కార్బురేటర్. దాని పని తలచుకుంటే నాకు చిన్ననాటి హరికేన్ లాంతరు జ్ఞాపకం వస్తుంది. ఒత్తి మరీ ఎగదోస్తే గ్లాసు మసిబారేది. మరీ దించితే దీపం కొండెక్కేది. కార్బురేటర్లో ఒత్తి వంటిది జెట్. సన్నని రంధ్రమున్న చిన్న ఇత్తడి మర అది. రంధ్రం మారదు, గాలి మారుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

3000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టాన ఉన్నదానిలో సుమారు నూటికి 70 వంతులే. పెట్రోలుకు తగిన గాలి చాలక ఇంజను దగ్గుతుంది, పొగ కక్కుతుంది. అక్కడ చిన్న జెట్ వేయాలి. చలి దీనికి ఎదురు. సున్నా డిగ్రీలనుంచి మైనస్ 30కి దిగితే గాలి సుమారు నూటికి 12 వంతులు చిక్కబడుతుంది. పెద్ద జెట్ కావాలి. అందుకే తయారీదారులు పంచాంగం లాంటి పట్టిక ఇస్తారు. ఒక వరుసలో ఎత్తు, మరో వరుసలో చలి. రెండూ కలిసిన గడిలో జెట్ నెంబరు.

అమెరికాలో మిన్నెసోటా మైదానాలవారు తమ బండ్లను ట్రెయిలర్లకెక్కించి, సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉన్న మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్‌కు వెళుతుంటారు. అక్కడ చిన్న జెట్ సంగతి మరచినా ఇంజనే గోలపెట్టి గుర్తు చేస్తుంది. ప్రమాదమల్లా తిరిగి వచ్చాకనే. పల్లంలో గాలి చిక్కన, పైగా చలి. చిన్న జెట్ ఇచ్చే పెట్రోలు చాలదు. అయినా ఇంజను మూలగదు సరికదా, మహా హుషారుగా పరుగెత్తుతుంది! టూ-స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్‌ను చల్లబరచేది కూడా పెట్రోలే. అది తగ్గితే పిస్టన్ కాగి కాగి సిలిండరుకు పట్టేస్తుంది. ఒక్కొక్కప్పుడు కరిగి బెజ్జమే పడుతుంది. ఊరికి పాతిక మైళ్ళ దూరాన, ఆ చలిలో బండి ఆగిందంటే పోయేది యంత్రమొక్కటే కాదు.

కొత్త బండ్లలో ఈ లెక్కను ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ చూసుకుంటోంది. కార్బురేటర్ బండికి మాత్రం స్పార్క్ ప్లగ్గే నాడి. విప్పి చూస్తే మసిపట్టి ఉందా, పెట్రోలు ఎక్కువ. లేత కాఫీరంగయితే ఆరోగ్యం. తెల్లగా పాలిపోయిందా, ఇక ఒక్క అడుగు కూడా నడపరాదు; పెద్ద జెట్ వేసిన తరువాతే ప్రయాణం.