కూరగాయల నారును బెట్టకు సిద్ధపరచుట

మృగశిర కార్తెలో పోసిన మిరపనారు పుష్యమి నాటికి నాట్లకు వచ్చును. నాటిన వారమునకే వాన మొగము చాటుచేసినచో చెల్కనేలలలో పైపదును త్వరగా ఆరిపోవును. నారు పీకునపుడు సన్నవేళ్లు తెగి మడిలోనే మిగిలిపోవును గనుక లోతునగల తేమ నందుకొను శక్తి ఆ మొక్కకు లేదు. చచ్చిన మొక్కకు బదులు నారు దొరకుట కష్టము. దొరికినను అదను దాటిపోవును.

నేల ఆరగానే వేరునుండి ఆకునకు సంకేతము పోవును. ఆకునందలి సూక్ష్మరంధ్రములు మూసికొనును. నీటి వ్యయము తగ్గును గాని, బొగ్గుపులుసు వాయువు లోనికి రాక ఆహారము తయారగుట మందగించును. ఎండ మాత్రము కాయుచునే యుండును. వినియోగము కాని ఆ వెలుతురే ఆకులోని కణములను చెరచును.

ఈ సంకటమున మొక్కకు ఓర్పు నిచ్చుటకై జీవోత్ప్రేరకములను పదార్థములు అంగళ్లలో అమ్మబడుచున్నవి. ఇవి ఎరువులు కావు, పురుగుమందులును కావు. వీనిలో సముద్రపునాచు సారము ముఖ్యమైనది. తమిళనాడు తీరమున రామనాథపురము ప్రాంతమున కప్పాఫైకస్ అను ఎఱ్ఱనాచును సాగుచేసి దీనిని తీయుచున్నారు. ఇది వేళ్ల పెరుగుదలకు తోడ్పడును. లిగ్నైటు బొగ్గునుండి తీయు హ్యూమిక్ ఆమ్లము పిల్లవేళ్లను హెచ్చించును. మూడవది మైకోరైజా యను శిలీంధ్రము. ఇది వేరులో కాపురముండి, వేరు చొరలేని సన్నని సందులలోనికి దారములు చాచి తేమను, భాస్వరమును తెచ్చును. టమాట, వంగ, మిరప, ఉల్లి పైరులకు ఇది తగును. కోసుగడ్డ, కాలీఫ్లవరు వేళ్లలో ఇది నిలువదు గనుక వానికై కొనుట డబ్బు దండుగ.

రైతులు తరచుగా పొరబడునది సమయము విషయమున. మొక్క వడలిన పిమ్మట చల్లిన మందు వలన ప్రయోజనము స్వల్పము. వేరు పెరుగుటకు దినములు కావలెను. కావున మైకోరైజాను విత్తునపుడే గింజక్రింద మట్టిలో కలుపవలెను. ఆ మడిలో శిలీంధ్రనాశక మందులు పోయరాదు. నాచుసారమును నాటుటకు వారము ముందు, చల్లని వేళ నారుపై చల్లి, నాటునపుడు అదే ద్రావణమున వేళ్లను ముంచవలెను. సామాన్యముగా లీటరు నీటికి 2, 3 మిల్లీలీటర్లు చాలును. సీసామీది కొలత వేరైనచో దానినే పాటింపవలెను. మోతాదు మించినచో వేరు పెరుగుటకు మారు కుంగును.

ఆ వారమునందే మడికి నీటిని క్రమముగా తగ్గించి నారును గట్టిపరచవలెను. యూరియా వేసి ఏపుగా పెంచిన లేతనారు చూపునకు ఇంపుగా నుండును గాని బెట్టకు ముందుగా వాలునది అదియే. దానిని ఏ సీసాయు కాపాడజాలదు. ఈ మందు పోసినచో నీరక్కర లేదను వర్తకుని మాటయు నమ్మదగదు. నాటిన వెంటనే జీవతడి తప్పదు.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు పరిధిలోనికి 2021లో కేంద్ర ప్రభుత్వము ఈ సరకులను తెచ్చినది. లోపల ఏమున్నదో, ఎంతయున్నదో వ్రాయని సీసాను కొనరాదు. మంచి సరకైనను అన్ని నేలలలో ఒకే ఫలము నీయదు. కావున మొదటియేడు ఒక మడికి మాత్రమే వాడి, ప్రక్కమడిని మందు లేక విడిచి, రెంటి నారును ఒకే చేనిలో వేర్వేరు సాళ్లలో నూరేసి మొక్కలు నాటవలెను. పదునైదవ దినమున బ్రతికిన మొక్కలను లెక్కించి, ఆ తేడాకు మందు వెల గిట్టునో లేదో చూచుకొనవలెను.