మడత కత్తి మూసుకుని వేలు కోసింది: అంటు కట్టే చాకును ఎలా చూసుకోవాలి

పోయిన వీడియోలో నా కుడి చేతి చూపుడు వేలికి ఉన్న కట్టు చూసి చాలామంది ఫోన్ చేశారు. ఒకాయనైతే పాము కరిచిందేమో అని కంగారుపడ్డారు. పాము కాదండి, నా జేబులో ఆరేళ్లుగా తిరుగుతున్న మడత చాకే. నాలుగు కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను. సరిగ్గా అంట్లు కట్టే రోజుల్లో తొమ్మిది రోజులు ఖాళీగా కూర్చున్నాను. తప్పు కత్తిది కాదు, నాదే. అందుకే ఈసారి జీవామృతం, కషాయాలు పక్కన పెట్టి కత్తి గురించి మాట్లాడుకుందాం.

మాది తూర్పు గోదావరి జిల్లా, కడియానికి దగ్గరలో చిన్న ఊరు. వ్యవసాయ డిప్లొమా అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ప్రకృతి పద్ధతిలో జామ, మామిడి వేసుకున్నాను. పక్కనే చిన్న నర్సరీ. ఆ రోజు జామలో వెడ్జ్ అంట్లు కడుతున్నాను. వేరుమూలం తల కోసేసి, మధ్యలో చీలిక పెట్టడానికి బ్లేడు దింపాను. కాస్త ముదురు కర్ర, బ్లేడు ఇరుక్కుపోయింది. కత్తి పిడి పట్టుకుని పైకి లాగాను. బ్లేడు కర్రలోనే ఆగింది, పిడి లేచింది, కత్తి టప్పున మడుచుకుంది. మధ్యలో నా వేలు ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి అర్థం చేసుకోవాలి. మనం కత్తిని కిందికి నొక్కి కోస్తున్నంతసేపూ ఆ బలం బ్లేడును ఇంకా తెరిచే వైపే తోస్తుంది, కాబట్టి భయం లేదు. ఇరుక్కున్న బ్లేడును పైకి లాగినా, మొనతో పొడిచినా, వీపు మీద దెబ్బ పడినా బలం మూసుకునే వైపు వెళ్తుంది. అంటు కట్టే మడత చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు. వెనకాల ఒక స్ప్రింగు పట్టీ బ్లేడు మడమను నొక్కిపట్టి ఉంచుతుంది, అంతే. ఆ పట్టీ బిగువు తగ్గిందంటే మనల్ని కాపాడేది ఏమీ లేదు.

కుట్లు వేయించుకుని వస్తూ మా ఊరి బాబాయి దగ్గర ఆగాను. ఆయన చిన్నప్పటి నుంచీ నర్సరీల్లో అంట్లు కట్టిన మనిషి. వేలు సంగతి అడగలేదు. కత్తి తీసుకుని రెండుసార్లు తెరిచి మూసి, "ఒరేయ్ అబ్బాయ్, ఇది తెరిచేటప్పుడు టక్కుమనడం ఎప్పుడు మానేసింది?" అన్నాడు. నేను ఆలోచించాను. నిజంగా నాకు గుర్తు లేదు. కొన్నప్పుడు గట్టిగా టక్కుమనేది. ఆ చప్పుడు పోయి ఏడాదైనా అయ్యుంటుంది.

మీ కత్తి ఇప్పుడు జేబులో ఉంటే తీసి చూడండి. తెరిచినప్పుడు చప్పుడుతో గట్టిగా కూర్చోవాలి. పిడి ఒక చేత్తో పట్టుకుని, బ్లేడును రెండో చేతి వేళ్లతో వీపు వైపు నుంచి పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పక్కలకు ఊగితే రివిట్ వదులైందని అర్థం. పైకీ కిందికీ ఆడితే స్ప్రింగో, బ్లేడు మడమో అరిగింది. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందు కూడా వేరు. లాక్ ఉన్న కత్తయితే తెరిచి, వీపును ఒక చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కి చూడండి. బ్లేడు దారిలో వేళ్లు లేకుండా పిడిని పక్కల నుంచే పట్టుకోవాలి. ఇది వీడియోలో 2వ నిమిషం దగ్గర దగ్గరగా చూపించాను.

నా కత్తికి రెండు జబ్బులూ ఉన్నాయి. ఎందుకొచ్చాయంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అంట్లు కట్టే చాకుతో నేను చేయని పని లేదు. డ్రిప్ పైపులు కోశాను, పురికొసలు కోశాను, బెల్లం దిమ్మ చీల్చాను, కషాయాలకు ఆకులు తరిగాను. ఆవు మూత్రం డ్రమ్ము దగ్గర పెట్టి మర్చిపోయిన రోజులూ ఉన్నాయి. ఆవు మూత్రంలో లవణాలు ఉంటాయి. అవి ఇనుమును పైపైన తుప్పు పట్టించి ఊరుకోవు, సూది గుచ్చినట్టు గుంటలు పెడతాయి. పిడి సందులో చూస్తే మట్టి, జామ కొమ్మల రసం, బెల్లం జిగురు అన్నీ కలిసి నల్లటి ముద్దలా ఉంది. ఆ ముద్దలోని ఇసుకే ఆకురాయిలా పనిచేసి, మూసి తెరిచిన ప్రతిసారీ మడమను కొంచెం కొంచెం అరగదీసింది.

శుభ్రం చేసేటప్పుడు నేను చేసిన పని ఇది. కత్తి సగం తెరిచి, ఇరుసు దగ్గర కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నే పాత పళ్ల బ్రష్షుతో, వెదురు పుల్లతో సందంతా గీకి, వేడినీళ్లు సబ్బుతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాను. ఎర్రటి తుప్పును సన్న స్టీలు పీచుతో తీసేశాను. నీలం బూడిద రంగులో గట్టిగా పట్టిన పొర ఉంటుంది చూడండి, దాన్ని తీయక్కర్లేదు. కార్బన్ స్టీలు బ్లేడు వాడేకొద్దీ ఆ రంగుకు వస్తుంది, ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది కూడా.

తర్వాత ఇరుసుకు ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె. "మనం ప్రకృతి వ్యవసాయం కదా, వంట నూనె వేయకూడదా?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. నేనూ వేసి చూశాను. వంట నూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టేస్తాయి. మిషన్ నూనె ఇరుసు దగ్గర మాత్రమే, వాదరకు తగలకుండా. అంటు కట్టే ముందు బ్లేడును మెడికల్ షాపులో దొరికే 70 శాతం స్పిరిట్‌తో తుడిస్తే నూనె, జిగురు పోతాయి, తెగులు కూడా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయే అవకాశం తగ్గుతుంది. బ్లీచింగ్ నీళ్లలో ముంచకండి, స్టీలును తినేస్తుంది. మంటలో కాల్చడం అసలు వద్దు.

రివిట్ సంగతికి వస్తాను. స్క్రూ ఉన్న కత్తయితే సులువు. కొద్దికొద్దిగా తిప్పి బిగించుకుని, ఊగుడు పోయిన చోట ఆపి, స్క్రూ తల మీద ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే మళ్లీ తొందరగా వదులవ్వదు. (మా ఆవిడ గోళ్ల రంగు సీసా ఇప్పుడు నా టూల్ బాక్సులోనే ఉంది.) రివిట్ అయితే దాగలి మీద ఒక తల ఆనించి, రెండో తలను చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాలి. నాలుగు దెబ్బలు వేసి తెరిచి చూడటం, మళ్లీ నాలుగు. ఒక్కసారి ఎక్కువ బిగిసిందంటే బ్లేడు కదలదు, వదులు చేయడం బిగించినంత తేలిక కాదు. నాకు అదే జరిగింది. ఉత్సాహంగా గట్టిగా కొట్టాను, బిగుసుకుపోయింది, మా ఊరి కమ్మరి దగ్గరకు పరిగెత్తాను.

ఆయన చూసి రివిట్ సరిచేస్తానన్నాడు, స్ప్రింగు మాత్రం తన వల్ల కాదన్నాడు. పట్టీని మళ్లీ కాల్చి, చల్లార్చి, సరైన బిగువు తేవడం చిన్న పని కాదు, విరిగితే కత్తి పోతుంది. నేను దాన్ని పారేయలేను. మొదటి వంద మొక్కలు కట్టింది దాంతోనే. చివరికి ఆయనే ఒక మాట చెప్పాడు: బ్లేడు తెరిచే ఉంచి, పిడికి అడ్డంగా ఇంకో రివిట్ వేసేద్దాం. ఇక అది మడవదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు ఒర చేయించాను. ఇప్పుడు మడత లేదు, మడుచుకునే భయమూ లేదు.

ఈలోగా సీజన్ పోతోందని ఆన్‌లైన్‌లో ఒక లాక్ కత్తి తెప్పించాను. అమ్మిన వాళ్ల పేరు ఎందుకులెండి. ఫోటోలో బాగుంది. వచ్చాక చూస్తే మూసినప్పుడు బ్లేడు మధ్యలో కూర్చోవడం లేదు, ఒక పక్క లోపలి రేకుకు రాసుకుంటోంది. అంటే ఎంత పదును పెట్టినా, మూసిన ప్రతిసారీ మొన దగ్గర వాదర పోతుంది. స్క్రూ వదులు చేసి బ్లేడును జరిపి బిగిస్తే కొంత నయమైంది, పూర్తిగా పోలేదు. వెనక్కి పంపుదామంటే "వాడిన వస్తువు తీసుకోం" అన్నారు. అది ఇప్పుడు పురికొసలు కోయడానికే. కాబట్టి వీలైతే షాపులో చేతిలోకి తీసుకుని కొనండి. మూసి, పైనుంచి చూసి బ్లేడు సరిగ్గా మధ్యలో ఉందా, మొన పిడి దాటి బయటికి కనిపిస్తోందా అన్నది చూడాలి. కాగితం అంచు కోయించి ఎక్కడైనా తట్టుకుంటోందా అన్నదీ చూడండి. లైనర్ లాక్ అయితే తెరిచినప్పుడు లోపలి పట్టీ బ్లేడు మడమ మీద ఎంతవరకు వచ్చి ఆగిందో గుర్తు పెట్టుకోండి. అరిగేకొద్దీ అది అవతలి అంచు వైపు జరుగుతుంది. చివరిదాకా పోయిందంటే దాన్ని నమ్మొద్దు.

ఇక పదును. వేలు తెగడం కంటే నాకు ఎక్కువ నష్టం చేసింది ఇదే, చాలాకాలం తెలియనే లేదు. అంటు చాకుకు వాలు ఒక వైపే ఉంటుంది, రెండో వైపు చదునుగా ఉంటుంది. ఆ చదును వల్లే కోత పలకలా నున్నగా వస్తుంది. నేనేమో వంటింటి కత్తిలా రెండు వైపులా సాన పట్టేశాను. కోత కొంచెం ఒంపు తిరిగేది. కంటికి కనపడదు, కానీ సయాన్ పుల్లను చీలికలో పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే మధ్యలో సన్నటి సందు. కాంబియం పొరలు కలవకపోతే అంటు పట్టదని డిప్లొమా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. పుల్లలు ఎండిపోతుంటే ఎండను తిట్టాను, పాలిథిన్ పట్టీని తిట్టాను, కత్తిని మాత్రం అనుమానించలేదు.

మళ్లీ చదును తేవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చదును వైపును 1000 నంబరు రాయి మీద పూర్తిగా ఆనించి, రెండో వాలు పోయేదాకా రుద్దాను. తర్వాత అసలు వాలును రాయికి సరిగ్గా ఆనించి, మడమ నుంచి మొన దాకా ఒకే కోణంలో. అవతలి వైపు వేలితో అడ్డంగా తడిమితే గరుకుగా తేలినట్టు తగులుతుంది. ఆ గరుకు అంచంతా సమానంగా వచ్చాక, కత్తిని తిప్పి చదును వైపు రాయి మీద పడుకోబెట్టి రెండు మూడుసార్లు లాగితే పోతుంది. 3000 రాయి మీద కొంచెం, చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు. కరెంటు గ్రైండరు దగ్గరకు మాత్రం తీసుకెళ్లకండి. అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ స్టీలు గట్టిదనం పోయినట్టే, ఎంత సాన పట్టినా నిలవదు.

ఇప్పుడు నా దగ్గర మూడు కత్తులున్నాయి. ఒర కత్తి అంట్లకు మాత్రమే, దాన్ని ఇంకెవరూ ముట్టకూడదని ఇంట్లో చెప్పాను. లాక్ కత్తి పురికొసలకు. పైపులకూ బెల్లానికీ మా కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చిన మొరటు కత్తి. సాయంత్రం ఇంటికొచ్చాక మూడింటినీ తుడిచి, ఆరబెట్టి, చూరు కింద తగిలిస్తున్నాను. ఆవు మూత్రం డ్రమ్ము ఇంటికి అవతలి మూలన ఉంది.

సాన పట్టేది మొత్తం ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో కింద పెట్టాను. 6వ నిమిషం దగ్గర కోణం తప్పి వాదర చెడగొట్టుకున్నాను, ఆ ముక్క కత్తిరించకుండా అలాగే ఉంచాను. మళ్లీ మొదటి నుంచి ఎలా సరిచేశానో ఆ తర్వాత ఉంటుంది.