అనాథ పిల్లికూనల సంరక్షణ

అనాథ పిల్లికూనల సంరక్షణ అనగా తల్లి మరణించిన లేదా తల్లి నుండి విడిపోయిన పసి పిల్లికూనలను మనుషులు చేరదీసి, సీసాపాలతో పెంచి, స్వయంగా ఆహారం తినే వయసు వచ్చిన తరువాత పెంపుడు ఇళ్ళకు అప్పగించే పని. సాధారణంగా నాలుగు వారాల లోపు వయసు గల కూనలకు ఈ సంరక్షణ అవసరమవుతుంది. జంతు సంరక్షణ కేంద్రాలు ఈ పనిని ఎక్కువగా స్వచ్ఛంద సేవకుల ద్వారా నిర్వహిస్తాయి. రాత్రింబవళ్ళు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టవలసి ఉండడం వలన జీతం తీసుకొనే కొద్దిమంది సిబ్బందితో ఇది సాధ్యం కాదు.

నేపథ్యం

పిల్లి గర్భధారణ కాలం సుమారు 63 నుండి 65 రోజులు. ఒక్కొక్క ఈతలో మూడు నుండి ఐదు కూనలు పుట్టడం సాధారణం. పిల్లి ఏడాదికి రెండు మూడు సార్లు ఈనగలదు, పాలిచ్చే కాలంలోనే మళ్ళీ చూలు కట్టగలదు. ఈ కారణాల వలన జనావాసాలలో తల్లి లేని కూనలు తరచుగా కనిపిస్తుంటాయి.

అప్పుడే పుట్టిన కూన బరువు సుమారు 90 నుండి 110 గ్రాములు ఉంటుంది. దానికి కళ్ళు తెరచి ఉండవు, చెవులు వినిపించవు. శరీర ఉష్ణోగ్రతను నిలుపుకొనే శక్తి, తనంతట తాను మలమూత్రాలు విసర్జించే శక్తి కూడా ఉండవు. శ్రీవైష్ణవ సంప్రదాయంలోని తెంగలై శాఖవారు భగవంతుని శరణాగతిని వివరించడానికి 'మార్జాల కిశోర న్యాయం' చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లికూన మాత్రం ఏ ప్రయత్నమూ చేయదు, తల్లే నోట కరచుకొని తీసుకొని పోతుంది అన్నది ఆ ఉపమానం. జీవశాస్త్ర దృష్టితో చూచినా ఈ పోలిక సరియైనదే. తల్లి లేని కూన కొద్ది గంటలలోనే ప్రాణాపాయ స్థితికి చేరుకుంటుంది.

భారతదేశంలో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. యజమాని తన జంతువును ఆకలిదప్పులకు గురయ్యే విధంగా వదలివేయడం ఈ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. 1962లో భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ దీనికి తొలి అధ్యక్షురాలు. తెలుగు ప్రాంతాలలో అక్కినేని అమల చొరవతో 1992లో హైదరాబాదులో బ్లూ క్రాస్ సంస్థ, 1996లో విశాఖపట్నంలో విశాఖ జంతు సంరక్షణ సంస్థ ప్రారంభమయ్యాయి. పసికూనల కోసం మాత్రమే రాత్రింబవళ్ళు పనిచేసే ప్రత్యేక నర్సరీలలో అమెరికాలోని శాన్ డియేగో హ్యూమేన్ సొసైటీ 2009లో ప్రారంభించినది ప్రసిద్ధమైనది.

కూన నిజంగా అనాథేనా?

ఒంటరిగా కనిపించిన ప్రతి కూనా అనాథ కాదు. 'పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుంది' అని తెలుగువారిలో ఒక నానుడి ఉన్నది. ఇందులో వాస్తవం ఉన్నది. శత్రువుల వాసన, మనుషుల రాకపోకలు, ఎండ, వాన వంటి కారణాల వలన తల్లి ఒక్కొక్క కూననే నోట కరచుకొని చోటు మారుస్తుంది. ఆ మధ్యకాలంలో మిగిలిన కూనలు ఒంటరిగా కనిపిస్తాయి. తల్లి ఆహారం కోసం కొన్ని గంటలపాటు దూరంగా వెళ్ళడం కూడా మామూలే. ఇటువంటి సమయంలో జాలిపడి కూనలను ఎత్తుకొని వస్తే వాటిని అనాథలుగా చేసినట్లే అవుతుంది.

అందువలన సంరక్షణ కేంద్రాలు మొదట ఈ క్రింది పద్ధతిని పాటించమని సూచిస్తాయి.

* కూనలు వెచ్చగా, కడుపు నిండుగా, ప్రశాంతంగా నిద్రపోతూ ఉంటే తల్లి దగ్గరలోనే ఉన్నట్లు భావించాలి. మురికిగా, చల్లగా ఉండి ఎడతెగక అరుస్తూ ఉంటే తల్లి రావడం లేదని అనుమానించాలి.
* కూనలు ఆరోగ్యంగా, సురక్షితమైన చోట ఉంటే దూరం నుండి కొన్ని గంటలపాటు గమనించాలి. మనుషులు దగ్గరగా నిలబడితే తల్లి రాదు.
* కాపలా ఉండడం వీలుకాకపోతే కూనల చుట్టూ నేలపై పలుచగా పిండి చల్లి ఉంచవచ్చు. తల్లి వచ్చి వెళితే అడుగుల గుర్తులు తెలుస్తాయి.
* కూన చల్లబడినా, గాయపడినా, చీమలు పట్టినా వేచి ఉండకుండా వెంటనే తీసుకొనవలెను.

మనిషి చేయి తగిలితే తల్లి కూనలను ముట్టదన్న అభిప్రాయం నిజం కాదు. చాలా సందర్భాలలో తల్లి వాటిని తిరిగి స్వీకరిస్తుంది.

కేంద్రానికి వచ్చిన వెంటనే చేయవలసినవి

మొదటి పని వెచ్చదనం, రెండవ పని పాలు. ఈ వరుస తప్పితే కూన చనిపోయే ప్రమాదం ఉన్నది. శరీరం చల్లబడినపుడు జీర్ణవ్యవస్థ పనిచేయదు. అప్పుడు పట్టిన పాలు కడుపులోనే నిలిచిపోతాయి, లేదా ఊపిరితిత్తులలోనికి పోతాయి. మొదటి వారంలో కూన సహజ శరీర ఉష్ణోగ్రత 35 నుండి 37 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అది 34 డిగ్రీల కన్నా తగ్గితే పాలు పట్టరాదు. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచి, నిదానంగా ఒక గంటకు పైగా వేడి అందించాలి. ఒక్కసారిగా వేడి చేయడం కూడా ప్రమాదమే. పెట్టెలో ఒక ప్రక్క మాత్రమే వేడి ఉంచి, కూన కావలసినపుడు తొలగిపోవడానికి చోటు విడిచిపెట్టాలి.

తరువాత ప్రతి కూననూ గ్రాములలో తూచి, వయసును అంచనా వేసి నమోదు చేస్తారు. బొడ్డుతాడు ఉంటే వయసు ఐదు రోజుల లోపు. కళ్ళు తెరచుకోవడం 7 నుండి 14 రోజుల మధ్య జరుగుతుంది. ముందరి పాలపళ్ళు మూడవ వారంలో వస్తాయి. ఈగలు, పిడుదులు, గాయాలు ఉన్నాయేమో చూస్తారు. పెద్ద జంతువులకు వాడే పిడుదుల మందులు పసికూనలకు విషతుల్యం కనుక దువ్వెనతో తీయడం, గోరువెచ్చని నీటితో శుభ్రం చేసి వెంటనే ఆరబెట్టడం మంచిది.

పాలు పట్టే విధానం

ఆవుపాలు, గేదెపాలు పిల్లికూనలకు తగినవి కావు. పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాల కంటె రెట్టింపుకు పైగా ఉంటాయి. ఆవుపాలు త్రాగిన కూనలకు తరచుగా విరేచనాలు అయి, శరీరంలోని నీరు తగ్గి చనిపోతాయి. పిల్లులకు అత్యవసరమైన టారిన్ అనే పదార్థాన్ని కలిపి తయారుచేసిన కిటెన్ మిల్క్ రిప్లేసర్ పొడిని వాడాలి. ఇది పశువైద్యుల దుకాణాలలోను, పెంపుడు జంతువుల సామగ్రి దుకాణాలలోను దొరుకుతుంది. కలిపిన పాలను శరీర ఉష్ణోగ్రతకు వెచ్చబెట్టి ఇవ్వాలి. మిగిలిన పాలను మరలా వాడరాదు.

కూనను ఎల్లప్పుడూ బోర్లా, తల్లి దగ్గర పాలు త్రాగే భంగిమలోనే ఉంచి పట్టాలి. పసిబిడ్డ వలె వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వస్తుంది. సీసాను పిండకుండా కూన తానుగా చప్పరించే వరకు వేచి ఉండాలి. ముక్కులో నుండి పాలు వస్తే వెంటనే ఆపివేయాలి. ఒక్కసారికి 100 గ్రాముల బరువుకు సుమారు 4 మిల్లీలీటర్ల చొప్పున లెక్కిస్తారు. 150 గ్రాముల కూనకు ఇది 6 మిల్లీలీటర్లు.

* మొదటి వారం: బరువు 90–150 గ్రాములు, రెండు మూడు గంటలకొకసారి, పరిసర ఉష్ణోగ్రత 29–32 డిగ్రీలు
* రెండవ వారం: 150–250 గ్రాములు, మూడు గంటలకొకసారి, 27–29 డిగ్రీలు
* మూడవ వారం: 250–350 గ్రాములు, మూడు నాలుగు గంటలకొకసారి, 24–27 డిగ్రీలు
* నాలుగవ వారం: 350–450 గ్రాములు, నాలుగైదు గంటలకొకసారి, సుమారు 24 డిగ్రీలు

పాలు పట్టడానికి ముందు లేదా తరువాత గోరువెచ్చని తడిగుడ్డతో పొత్తికడుపు క్రింద మృదువుగా రుద్ది మలమూత్ర విసర్జన చేయించాలి. తల్లి నాలుకతో చేసే పనికి ఇది ప్రత్యామ్నాయం. దీనిని మరచిపోతే మూత్రాశయం నిండి ప్రాణాంతకం కాగలదు. మూడు నాలుగు వారాలకు కూన మట్టిపెట్టెను వాడడం నేర్చుకుంటుంది. నాలుగవ వారం నుండి పాలలో కలిపిన మెత్తని ఆహారం అలవాటు చేస్తారు.

ఆరోగ్యవంతమైన కూన రోజుకు 10 నుండి 15 గ్రాముల బరువు పెరుగుతుంది. ఒక రోజంతా బరువు పెరగకపోవడం హెచ్చరిక, తగ్గడం అత్యవసర పరిస్థితి. జబ్బు పైకి కనిపించక మునుపే కాటా దానిని చెబుతుంది. అందుకే రోజూ ఒకే సమయంలో తూచి పుస్తకంలో వ్రాయడం ఈ పనిలో అతి ముఖ్యమైన నియమం.

రోగాలు, మరణాలు

పుట్టిన మొదటి రోజున తల్లి ఇచ్చే జున్నుపాల ద్వారా కూనకు రోగనిరోధక శక్తి లభిస్తుంది. అవి దక్కని కూనలు సులభంగా జబ్బుపడతాయి. అన్నిటికన్నా భయంకరమైనది పిల్లులలో వచ్చే పాన్‌ల్యూకోపీనియా. దీనికి కారణమైన పార్వోవైరస్ నేలపై, బట్టలపై ఒక సంవత్సరం వరకు కూడా జీవించి ఉండగలదు. సాధారణ సబ్బుతో అది నశించదు. 32 పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి శుభ్రం చేస్తారు. క్రొత్తగా వచ్చిన కూనలను కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచుతారు. ఒక ఈత కూనలకు వాడిన సీసా, గుడ్డ మరొక ఈతకు వాడరు.

ఎంత జాగ్రత్తగా పెంచినా కొన్ని కూనలు కొద్ది గంటలలోనే నీరసించి చనిపోతాయి. దీనిని ఫేడింగ్ కిటెన్ సిండ్రోమ్ అంటారు. ఇది ఒక జబ్బు పేరు కాదు, అనేక కారణాల వలన కలిగే స్థితి. ఈ విషయాన్ని సేవకులకు శిక్షణలోనే చెప్పవలసి ఉంటుంది. తెలియనివారు చావుకు తమనే నిందించుకొని పనిని విడిచిపెడతారు.

స్వచ్ఛంద సేవకుల నిర్వహణ

ఒక కార్యక్రమం నిలవాలంటే కూనలపై ప్రేమ ఒక్కటే చాలదు. పనిని విభజించడం అవసరం. రాత్రి వేళ పాలు పట్టగలవారికి నాలుగు వారాల లోపు కూనలను, ఉద్యోగస్తులకు మెత్తని ఆహారం తినే కూనలను అప్పగిస్తారు. పాలు పట్టలేనివారు గుడ్డలు ఉతకడం, లెక్కలు వ్రాయడం, వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళడం, పెంపుడు ఇళ్ళను వెతకడం వంటి పనులు చేస్తారు. ప్రతి సంరక్షక గృహానికి పాలపొడి, సీసాలు, ఎలక్ట్రానిక్ కాటా, వేడినీటి సీసా, నమోదు పుస్తకం ఉన్న సంచి ఇస్తారు. ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో అందులో వ్రాసి ఉంచుతారు.

ఒంటరి కూనను దాని వయసు గల మరొక కూనతో కలిపి పెంచడం మేలు, అయితే రెండింటికీ వేరుగా ఉంచవలసిన గడువు పూర్తి కావాలి. రెండు నుండి ఏడు వారాల వయసులో మనుషుల స్పర్శకు అలవాటుపడిన కూనలు జీవితాంతం మచ్చికగా ఉంటాయి. చేర్చుకొనే కూనల సంఖ్యకు పరిమితి పెట్టుకోవడం మరొక ముఖ్య నియమం. శక్తికి మించి చేర్చుకొన్న చోట అంటురోగం వస్తే అన్ని కూనలూ నష్టపోతాయి.

సేవకుల ఆరోగ్యం కూడా చూడవలసినదే. పిల్లి కరచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పారే నీటి క్రింద 15 నిమిషాలు కడిగి, రేబీస్ టీకా కోసం వైద్యుని సంప్రదించాలి. కూనల నుండి మనుషులకు తామర సోకవచ్చు. గర్భిణీ స్త్రీలు పిల్లుల మలాన్ని శుభ్రం చేయరాదు.

రామగిరి, గోదావరిఖని ప్రాంతంలో

రామగిరి పెద్దపల్లి జిల్లాలోని మండలం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లా అంతకుముందు కరీంనగర్ జిల్లాలో భాగం. మండలంలో రామగిరి కోట, సింగరేణి రామగుండం–3 ఏరియాకు చెందిన సెంటినరీ కాలనీ ఉన్నాయి. ఈ ప్రాంతం నుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైగా దూరం. అంత ప్రయాణంలో పసికూనకు కనీసం రెండుసార్లు పాలు పట్టవలసి ఉంటుంది. కనుక ఇటువంటి బొగ్గుగని పట్టణాలకు నగరంలోని ఆశ్రయ కేంద్రం కన్నా స్థానిక ఇళ్ళలోనే నడిచే సంరక్షణ అనువైనది.

ఇక్కడి వాతావరణం సాధారణ సూచనలలో మార్పును కోరుతుంది. రామగుండం ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇళ్ళలో అది ఇంకా ఎక్కువ. అప్పుడు కూనకు వేడి సీసా కన్నా నీడ, గాలి ముఖ్యం. కలిపిన పాలు కూడా త్వరగా చెడిపోతాయి. డిసెంబరు, జనవరి రాత్రులలో మాత్రం వేడి తప్పనిసరి.

గని కార్మికుల కుటుంబాలకు ఒక అనుకూలత ఉన్నది. గనులలో పని మూడు షిఫ్టులలో సాగుతుంది కాబట్టి కాలనీలో ఏ వేళనైనా ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. ఎనిమిది గంటల షిఫ్టులో మూడు నాలుగు సార్లు పాలు పట్టవలసి వస్తుంది. మూడు ఇళ్ళవారు కలిసి ఒక ఈత కూనలను పంచుకొంటే ఎవరికీ రాత్రంతా నిద్ర చెడదు. అయితే కూనలు ఒకే ఇంట్లో ఉండి, మనుషులు మారడం మంచిది. కూనలను ఇల్లిల్లూ తిప్పితే రోగాలు వ్యాపిస్తాయి.

పెంపకానికి అప్పగించడం

రెండు వారాల వయసు నుండి పశువైద్యుని సలహాతో నులిపురుగుల మందు, ఆరు నుండి ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నెలలకు రేబీస్ టీకా ఇప్పిస్తారు. ఎనిమిది వారాలకు కూన బరువు సుమారు 900 గ్రాములకు చేరుతుంది. అప్పటి నుండి దానిని పెంపుడు ఇంటికి అప్పగించవచ్చు. తీసుకొనేవారి నుండి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయిస్తామన్న హామీ వ్రాయించుకొంటారు.

పిల్లి నాలుగైదు నెలల వయసులోనే గర్భం ధరించగలదు. శస్త్రచికిత్స లేకుండా అప్పగించిన ఆడకూన ఆ సంవత్సరంలోనే మరొక ఈత కూనలకు తల్లి కాగలదు. అందువలన దొరికిన కూనలను పెంచడంతో పాటు వాటి తల్లిని కూడా గుర్తించి శస్త్రచికిత్స చేయించినపుడే ఆ వీధిలో అనాథ కూనల సంఖ్య తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* పిల్లి
* రేబీస్
* మార్జాల కిశోర న్యాయం
* రామగుండం
* సింగరేణి బొగ్గు గనులు