పాత మోటారుకు కొత్త వెల

పాత వస్తువు చవుక యనుట లోకరీతి. దుకాణమునుండి బయటికి వచ్చిన మరునాడే మోటారుకారు వెల తగ్గ నారంభించునని నారాయణగూడలో కారు కొన్న ప్రతి గృహస్థునకును తెలియును. పదియేండ్లు గడచిన పిమ్మట దానిని అమ్మజూపినచో బేరగాడు చక్రమును కాలితో తట్టి, పెదవి విరిచి, సగము ధర చెప్పును. మరి యిరువది యేండ్లు గడచినచో అది తూకపు వెలకు పాతయినుప వర్తకుని పాలగును. ఈ లోకరీతికి విరుద్ధముగా అమెరికా దేశపు వేలములలో కొన్ని పాతకార్లు రత్నములతో సమానమైన వెలలు పలుకుచున్నవి. ఇది యేల జరుగుచున్నది? ఇందు మనము గ్రహింపదగిన దేమి? విచారింతము.

ముందుగా లెక్కలు చూతము. 1935 నాటి డ్యూసెన్‌బర్గ్ ఎస్.ఎస్.జె. అను కారు 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచి వేలమున 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. ఆనాటి మారకమునుబట్టి అది సుమారు 150 కోట్ల రూపాయలు. అమెరికాలో తయారైన కారునకు అంతవరకు ఏ వేలమునను అంత వెల పలుకలేదు. 1962లో కారల్ షెల్బీ నిర్మించిన మొట్టమొదటి కోబ్రా కారునకు 2016లో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు వచ్చెను. టక్కర్ అను నతడు స్థాపించిన కర్మాగారము 51 కార్లు మాత్రమే చేసి మూతపడెను. ఆ విఫలవ్యాపారపు కార్లలో నొకటి 2012లో 29 లక్షల డాలర్లకు పైగా పలికెను. చిక్కడపల్లి గ్రంథాలయమున చదువుకొని అశోకనగరు గదులకు మరలివచ్చు ఉద్యోగార్థులకు ఇట్టి సంఖ్యలు లెక్కల పరీక్షలో తప్ప మరెక్కడను కనబడవు.

ప్రాయమే యీ వెలలకు కారణమని తలచుట పొరపాటు. హెన్రీ ఫోర్డు 1908 మొదలు 1927 వరకు తయారుచేసిన టీ-మోడలు కారు డ్యూసెన్‌బర్గు కంటె వయస్సున పెద్దది; లోకచరిత్రలో దాని స్థానము అంతకంటె గొప్పది. అయినను అది నేటికిని అమెరికాలో సామాన్యునకు అందు వెలకే దొరకుచున్నది. ఏలయన అట్టివి కోటిన్నర తయారయ్యెను. ఎస్.ఎస్.జె. కార్లో, రెండే. అందొకటి గ్యారీ కూపరు చేతికిని, రెండవది క్లార్క్ గేబులు చేతికిని వచ్చెను. ఇద్దరును హాలీవుడ్డు కథానాయకులు. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు చిత్రశాలలయెదుట కటౌట్లకు పూలమాలలు వేయు జనమును చూచినవారికి నటుని చేయి సోకిన వస్తువునకు వెల యేల పెరుగునో వేరుగ చెప్పనక్కరలేదు.

అరుదుదనము, ప్రఖ్యాతి యను నీ రెంటికి తోడు మరి రెండు కలవు. మొదటి యింజనే యున్నదా, చట్రముపై కొట్టిన సంఖ్యయు యింజనుపై కొట్టిన సంఖ్యయు కర్మాగారపు లెక్కతో సరిపోవుచున్నవా యనునది మూడవది. తొలి రసీదు మొదలు నేటివరకు కారు ఎవరెవరి చేతులు మారినదో తెలుపు కాగితములు నాలుగవది. మన భూములకు లింకు దస్తావేజులెట్టివో ఆ కార్లకు ఈ పత్రములట్టివి. కాగితము పోయిన భూమివలెనే చరిత్ర పోయిన కారును వెల తగ్గును.

ఇక వేలమునకు స్వభావసిద్ధమైన గుణమొకటి కలదు. అంగడిలో వెల వస్తువునుబట్టి యుండును. వేలములో ప్రక్కవానినిబట్టి యుండును. దీనికి దృష్టాంతము మన నగరపు పొలిమేరలోనే యున్నది. బాలాపూరు గణేశుని లడ్డు 1994లో 450 రూపాయలకు పాడబడెను. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికెను. పిండికిని చక్కెరకును నెయ్యికిని అంత వెల లేదని పాడినవారు ఎరుగనివారు కారు. వారు భక్తికిని, ఊరిలోని గౌరవమునకును వెల కట్టిరి. పెబుల్ బీచిలో చేయి యెత్తు కోటీశ్వరునకు భక్తి ఆ యంత్రముపైన; గౌరవము తోటి కోటీశ్వరులలో. అచ్చట ఇద్దరు పట్టుదలగలవారు ఎదురైనచో వెల ఆకాశమంటును. ఒక్కడే యున్నచో అదే కారు సగము వెలకు పోవును.

ఈ వార్తలు చదివి, ఇది గొప్ప పెట్టుబడి యని ఉబలాటపడువారు ఒక లెక్కను వేసికొనవలెను. 1968 నాటి ‘బుల్లిట్’ అను చిత్రములో స్టీవ్ మెక్వీన్ నడపిన ముస్తాంగు కారును ఒక అమెరికా గృహస్థుడు 1974లో 6,000 డాలర్లకు కొనెను. ఆ కుటుంబమువారు 2020 జనవరిలో దానిని వేలము వేయగా, కొనుగోలుదారు చెల్లించు రుసుముతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు వచ్చెను. ఆరువందల రెట్లకు పైమాట! వినుటకు అద్భుతమే. కాని 46 ఏండ్లపై చక్రవడ్డీ కట్టి చూడుడు: సాలుకు నూటికి 15, అనగా మన పల్లెలలో రూపాయి పావలా వడ్డీ. మన వడ్డీవ్యాపారులలో ఇంతకంటె తక్కువకు అప్పిచ్చువారు అరుదు. పైగా ఇది వేలకొలది ముస్తాంగులలో భాగ్యరేఖగల ఒక్క కారు కథ. తక్కినవాని గరాజు ఖర్చులు, భీమాలు, మరమ్మతులు ఏ పత్రికయు ప్రకటింపదు. 1980 దశకాంతమున ఆకాశమంటిన ఫెరారీ ధరలు 1990 తరువాత కూలిపోయిన సంగతియు, 2008 ఆర్థికసంక్షోభానంతరము అమెరికా కార్ల వెలలు చాలవరకు తగ్గిన సంగతియు జ్ఞప్తియందుంచుకొన దగినవి.

అసలు రహస్యమేమనగా, ఆ వేలములలో అమ్ముడుపోవునది ఇనుము కాదు, జ్ఞాపకము. ఇరువదియేండ్ల ప్రాయమున ఏ కారును వీధిలో చూచి నిట్టూర్చెనో, అరువదియేండ్ల ప్రాయమున చేతిలో ధనము నిలిచినప్పుడు మానవుడు దానినే కొనును. కావున ఒక తరము గతించినచో ఆ తరము కోరిన కార్ల వెలయు సన్నగిల్లును. తరువాతి తరము తన బాల్యపు కార్లను వెదకును. జ్ఞాపకము అప్పు వలె వారసులకు సంక్రమించునది కాదు.

ఇది గ్రహించినప్పుడు మన ప్రశ్న మారును. అమెరికావారు తమ జ్ఞాపకములకు వెల కట్టుచున్నారు. మన జ్ఞాపకములను మన మేమి చేయుచున్నాము? అమెరికా కారు మన దేశమునకు క్రొత్తది కాదు. జనరల్ మోటార్సు కంపెనీ 1928లో బొంబాయి సేవరీలో కర్మాగారము పెట్టి, 1954లో కట్టివేయువరకు ఇచ్చట కార్లు బిగించి అమ్మెను. షెవ్రొలే, ఫోర్డు, బ్యూయిక్, డాడ్జి యను పేర్లు ఆనాటి జమీందారులకును, వకీళ్లకును, వైద్యులకును సుపరిచితములు. హైదరాబాదున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కోరిన రోల్సు రాయిసు సింహాసనపు కారు ఆయన 1911లో మరణించిన పిమ్మట వచ్చెను. కొడుకు దానిని ఉత్సవములకు మాత్రమే వాడుటచే చిరకాలము 356 మైళ్లు మాత్రమే తిరిగెను. అది నేడు చౌమహల్లా ప్రాసాదమున చూపరుల కన్నుల పండువు చేయుచున్నది.

అన్నిటికిని అట్టి భాగ్యము పట్టలేదు. సంస్థానములు విలీనమై, 1971లో రాజభరణములు రద్దయిన కాలమున ఎన్నియో రాజుల కార్లు స్వల్పమూల్యములకు విదేశముల కేగినవి. రాజకోట ప్రభువుకొరకు 1934లో చేసిన ‘స్టార్ ఆఫ్ ఇండియా’ యను రోల్సు రాయిసు 1968లో దేశము విడిచెను. దశాబ్దముల తరువాత ఆ వంశీయులే దానిని మరల కొని ఇంటికి తెచ్చుకొనిరి. ఇచ్చినప్పుడు చవుక, తెచ్చుకొన్నప్పుడు ప్రియము! నేడు 1950 జనవరి 1వ తేదీకి పూర్వము తయారైన కార్లను స్వేచ్ఛగా ఎగుమతి చేయుటకు మన ప్రభుత్వ విధానము అంగీకరింపదు. కావున పెంకుటింటి కొట్టములోని తాతగారి షెవ్రొలే అమెరికా వేలమున కోట్లు తెచ్చునను ఆశ వృథా.

ఆశ వృథా యైనంతమాత్రమున కారు వృథా కాదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు వీధులలో పాత ఆవరణలు పోయి అంతస్తుల భవనములు లేచుచున్నవి. ఇల్లు పడగొట్టునాడు మొదట ఖాళీ యగునది కారుకొట్టము. కారుతోపాటు దాని రసీదులు, లైసెన్సు పుస్తకము, దానియెదుట నిలిచి తీయించుకొన్న కుటుంబపు ఛాయాచిత్రము సైతము చెత్తలో కలియును. ఇంతకంటె విచారింపదగిన నష్టము మరొకటి కలదు. దొరకని భాగమును లేతు యంత్రముపై తిరిగి సృష్టింపగల మేస్త్రీ, రేకును సుత్తితో మెత్తగ తట్టి పూర్వపు వంపు తేగల పనివాడు వృద్ధులగుచున్నారు. ఆ విద్య నేర్చుకొను శిష్యులు లేనిచో, కారు మిగిలినను నడపజాలము.

2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటి, మూలరూపమున నిలిచిన వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు ప్రకటించెను. క్రొత్త నమోదునకు 20,000 రూపాయల రుసుము. పది సంవత్సరముల చెల్లుబాటు. సంఖ్యాఫలకముపై ‘వీఏ’ యను గుర్తు. ప్రదర్శనలకును, ర్యాలీలకును, మరమ్మతులకును తప్ప నిత్యమును రోడ్డుపై తిప్పరాదు. పాతకారు గలవారు దీనిని వినియోగించుకొనుట యుక్తము. అమ్మదలచినవారు తూకపు వర్తకుని పిలుచుటకు ముందు తెలిసినవానిచే పరీక్షింపజేయుదురు గాక! పత్రములను కారునుండి వేరుచేయకుందురు గాక! ఎవరు కొనిరి, ఎంతకు కొనిరి, ఏ పెండ్లికి ఏ యూరికి పోయిరి యను వృత్తాంతమును ఇంటి పెద్దల నడిగి వ్రాసి యుంచుట కానియైన ఖర్చు లేని పని. అట్టి వ్రాతల నకళ్లను, ఛాయాచిత్రములను సేకరించి భద్రపరచుటకు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయము ఒక బీరువా కేటాయించినచో అది నగరచరిత్రకు మహోపకారమగును.

నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 1932లో 27 బస్సులతో ఆరంభమయ్యెను. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి ఆర్టీసీవారిచే నేటికిని భద్రపరుపబడి యున్నది. దానిని ఏ కథానాయకుడును నడపలేదు. పెబుల్ బీచిలో దానికై చేయి యెత్తువాడు లేడు. అయినను సంతకును, కచ్చేరికిని, పుట్టింటికిని పోయిన వేలకొలది సామాన్యుల ప్రయాణము అందు నిలిచియున్నది. పరుల వేలము మన వస్తువునకు వెల కట్టువరకు ఎదురుచూచువాడు, ఆ వెల తెలియునాటికి వస్తువును పోగొట్టుకొని యుండును. మన జ్ఞాపకమునకు మొదటి పాట మనమే పాడవలెను.