మందు పూస్తే జుట్టు మరింత రాలిందేమి?

వార్షిక సంచికకు వ్యాసం రాయమని విద్యార్థి సంఘం వాళ్లు అడిగినప్పుడు, నేను పెనుకొండ కోట గురించో, గగన్ మహల్ గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. అటువంటి వ్యాసం ప్రతి సంచికలోనూ ఒకటి ఉండనే ఉంటుంది. నేను రాయబోయేది నెత్తిమీది సంగతి. నవ్వేవాళ్లు నవ్వండి. కానీ మన కాలేజికి టోపీ పెట్టుకొని వచ్చేవాళ్లందరూ ఎండకు భయపడి పెట్టుకున్నవాళ్లు కారని నాకు బాగా తెలుసు. ఏడాదిపాటు నేనూ పెట్టుకున్నాను.

రెండో సంవత్సరంలో నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగింది. నడినెత్తిన పలచబడింది. ధర్మవరంలో మా నాయన మగ్గం మీదినుంచి తల ఎత్తకుండానే "మీ తాతకూ ఇంతే, దానికేం బెంగ?" అన్నారు. అవ్వ కదిరి నరసింహస్వామికి గుండు మొక్కుకోమంది. పక్కింటి అత్త ఎర్రగడ్డ రసం రుద్దమంది. నేనేమో ఎవరికీ చెప్పకుండా, మెస్సు డబ్బుల్లో మిగిల్చి 5 శాతం మినాక్సిడిల్ సీసా కొన్నాను. డాక్టరుకు చూపించుకోలేదు. సీసాతో వచ్చిన కాగితం కూడా చదవలేదు.

మూడో వారానికి నెత్తి మంట, దురద. తెల్లగా పొట్టు రాలసాగింది. నాలుగో వారంలో దువ్వెన నిండా వెంట్రుకలే. సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ నా దిండు మీద ఏరిన వెంట్రుకలు అరచేతిలో పెట్టుకొని, "ఏమప్పా ఇది? వేరుతో సహా ఊడొస్తోందే!" అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆ రోజే సీసా పక్కన పడేశాను. మంట చల్లారుతుందని కొబ్బరినూనె దట్టంగా పట్టించాను. ఒక స్నేహితుడిచ్చిన ఆయింట్‌మెంటు కూడా పూశాను. అందులో స్టెరాయిడ్ ఉందని తరువాత తెలిసింది. చివరికి హిందూపురంలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె చెప్పిన దానిలో నాకు అర్థమైనంత ఇక్కడ చెబుతాను.

అసలు ఈ మందు ఎక్కడిది?

మినాక్సిడిల్ మొదట జుట్టు మందు కాదు, రక్తపోటు మాత్ర. అమెరికాలో 1979లో ఆ పనికే అనుమతి పొందింది. మాత్రలు మింగిన రోగులకు ఒంటిమీదా, ముఖంమీదా వెంట్రుకలు మొలిచాయి. ఆ దుష్ఫలితాన్నే వైద్యులు ఉపయోగంలోకి తెచ్చారు. తలకు పూసే 2 శాతం ద్రావణానికి అక్కడ 1988లో అనుమతి వచ్చింది. 5 శాతం ద్రావణం 1997లో, నురగ రూపంలోని మందు 2006లో వచ్చాయి.

రాలడం ఎందుకు?

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్క వెంట్రుక కొన్ని సంవత్సరాలు పెరుగుతుంది. తరువాత రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. ఏ జబ్బూ లేనివారికి కూడా రోజుకు 50 నుంచి 100 దాకా రాలుతాయి. ఈ మందు విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను తట్టి లేపుతుంది. కుదురులో కొత్త వెంట్రుక పుట్టేసరికి, ఎలాగూ రాలవలసిన పాతది ముందుగానే తప్పుకుంటుంది. ఉగాది ముందు వేపచెట్టు ఆకు రాల్చి చిగురు తొడుగుతుంది కదా, అటువంటిదే. మా అమ్మ చూసిన తెల్లటి మొన వేరు కాదు, పండిపోయిన వెంట్రుక చివరి బుడిపె. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది.

ఈ రాలుడు సాధారణంగా 2 నుంచి 6 వారాల మధ్య మొదలై, కొన్ని వారాల్లో తగ్గుతుంది. సరిగ్గా ఈ దశలోనే నాలాంటివాళ్లు భయపడి మానేస్తారు. ఫలితం కనపడడానికి కనీసం 4 నెలలు పడుతుంది. మూడు నెలలు దాటినా రాలుడు ఆగకపోతే మాత్రం మందు మీద నెపం వేసి ఊరుకోరాదు. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకూ, కాన్పు తరువాతా, రక్తహీనతలోనూ, థైరాయిడ్ లోపంలోనూ జుట్టు రాలుతుంది. వీటికి చికిత్స వేరు.

మరి మంట ఎందుకు?

ఇక్కడ నేరం చాలాసార్లు మినాక్సిడిల్‌ది కాదు. దాన్ని కరిగించడానికి ద్రావణంలో ఆల్కహాలు, ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఆల్కహాలు చర్మాన్ని ఎండబెడుతుంది. రెండోది కొందరికి గిట్టదు. నురగ మందులో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండదు కనుక చాలామందికి అది సరిపోతుంది. నురగ వాడినా మంట తగ్గకపోతే, అరుదుగా మినాక్సిడిలే పడకపోవచ్చు. ఆ సంగతి ప్యాచ్ పరీక్షలో తేలుతుంది. తెల్లపొట్టు అంతా చుండ్రు కాదు, ఎండిన మందు కూడా అలాగే రాలుతుంది. నిజంగా చుండ్రే ఉంటే నూనె దట్టించడంవల్ల అది పెరిగే అవకాశమే ఎక్కువ.

డాక్టరమ్మ మొదట మందు ఆపించి చర్మం మానేదాకా ఆగమన్నారు. చుండ్రుకు వారానికి రెండుసార్లు కీటోకోనజోల్ షాంపూ ఇచ్చారు. తరువాత నురగ మందు, మొదట రోజుకు ఒక్కసారి. ఇంకా చెప్పినవి ఇవి:

ద్రావణమైతే ఒక పూటకు 1 మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు, అంతే. చేనుకు ఎరువు రెండింతలు వేస్తే శెనక్కాయ రెండింతలు కాయదు.

తల తుడిచి ఆరిన తరువాత జుట్టుకు కాక చర్మానికి పూయాలి. 4 గంటలదాకా తల తడపరాదు. చేతులు కడుక్కోవాలి. రాత్రి మందు ఆరకముందే పడుకుంటే అది దిండుకంటి ముఖానికి అంటుతుంది.

ఎర్రబడిన, చిట్లిన చర్మంమీద పూయరాదు. మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది. నిమ్మ, ఎర్రగడ్డ రసాలు పుండుమీద కారమే. మంట తగ్గేదాకా కుంకుడుకాయ, సీకాయ కూడా మానడం మేలు. స్టెరాయిడ్ మందు డాక్టరు చెప్పినప్పుడే, చెప్పినన్ని రోజులే.

గుండెదడ, ఛాతీనొప్పి, తలతిరగడం, కాళ్ల వాపు కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరును చూడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి అంటకుండా చూడాలి, పిల్లులకిది విషం.

జుట్టు నాణెమంత మచ్చలుగా ఊడినా, చీము పట్టినా, నెత్తి నున్నగా మెరిసినా సొంత వైద్యం పనికిరాదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు కూడా నెలరోజులు జుట్టు రాలింది. ఈసారి మా అమ్మకు ముందే చెప్పి ఉంచాను. ఆరు నెలలకు నడినెత్తిన జుట్టు కాస్త నిండింది. నుదుటి పక్కల పోయింది పోయినట్టే ఉంది. మానేస్తే కొన్ని నెలల్లో వచ్చిందంతా పోతుంది. అంటే ఇది వాడినంతకాలం చుట్టరికం. ఎన్నాళ్లు వాడాలో, ఆ ఖర్చు నాకు తగునో కాదో ఉద్యోగం వచ్చాక ఆలోచిస్తాను. మా తాత బట్టతలతోనే నలుగురు పిల్లలకు పెళ్లిళ్లు చేశాడనీ, ఎవరూ ఆయనను చిన్నచూపు చూడలేదనీ నాయన అన్నమాట ఇప్పుడు నాకు ధైర్యంగానే వినపడుతోంది.

మిత్రులారా, మందు వాడడం, మానడం మీ ఇష్టం. కానీ సిగ్గుపడి దాచుకొని, సగంలో భయపడి, దొరికిన ఆయింట్‌మెంటల్లా పూయకండి. ఒక్కసారి డాక్టరుకు తల చూపించండి. ఈ సంచికలోని గ్రూపు ఫోటోలో వెనుక వరుసలో టోపీ లేకుండా నిలబడ్డవాడు ఈ వ్యాసకర్తే.