రొమ్ము తిరిగి కట్టడానికి ఏ కండ ఇవ్వాలి?

కేన్సర్‌కు రొమ్ము తీసేశాక, ఒంట్లోని కండతోనే మళ్లీ రొమ్ము కట్టే ఆపరేషన్‌కు ఒక పద్ధతిలో 3, 4 గంటలు పడుతుంది, ఇంకో పద్ధతిలో 6 నుంచి 8 గంటలు. గుంతకల్లు పల్లెల ఆడవాళ్లకు ఈ గంటలకన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది. ఆ కండ ఎక్కడ తీస్తారు? అది పోయాక బిందె ఎత్తగలమా, చెనక్కాయ చేలో పొద్దంతా వంగగలమా?



రక్తం అందే దారితో సహా తీసే చర్మం, కొవ్వు, కండల ముక్కనే ఫ్లాప్ అంటారు. మన నేలకు ఇది పాత విద్యే. టిప్పు సేనకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండివాడికి నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వైనాన్ని 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అచ్చువేసింది. ఇటలీ సర్జన్ తాన్సీని 1906లో వీపు కండను ఛాతీ మీదికి తిప్పాడు. చాలాకాలం మరుగున పడ్డ ఆ పద్ధతి 1970లలో మళ్లీ వాడుకలోకి వచ్చింది.

వీపు ఫ్లాప్‌లో రక్తనాళం తెంచరు. కండను చంక కింది నుంచి ముందుకు తెస్తారు, అందుకే మైక్రోస్కోపు అక్కర్లేదు, 3, 4 గంటల్లో అయ్యేది ఇదే. బక్కపల్చని మనిషికి ఆ కండ ఒక్కటే చాలదు, తరచూ దాని కింద ఇంప్లాంట్ పెట్టాలి. చెయ్యి పైకెత్తి బలంగా లాగే పనుల్లో భుజం నీరసం తెలుస్తుంది.

పొట్ట ఫ్లాప్‌ను 1982లో హార్ట్రాంఫ్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. అందులో పొట్టను గట్టిగా పట్టి ఉంచే నిలువు కండ పోతుంది. ఆ తర్వాత పొట్ట ఉబ్బొచ్చు, హెర్నియా రావచ్చు. కూలి పనే ఆధారమైన స్త్రీకి ఇది చిన్న నష్టం కాదు. 1994లో అలెన్, ట్రీస్ వివరించిన డీఐఈపీ పద్ధతిలో ఆ కండను ఉంచి, చర్మం, కొవ్వు మాత్రమే తీస్తారు. 6 నుంచి 8 గంటలు పట్టేది ఇదే. కష్టమంతా సర్జన్‌దే: 2, 3 మిల్లీమీటర్ల రక్తనాళాలను తెంచి, ఛాతీ నాళాలకు మైక్రోస్కోపు కింద దాదాపు 0.03 మిల్లీమీటర్ల దారంతో కుట్టాలి. మొదటి రోజు గంటగంటకూ ఫ్లాప్ రంగు, వెచ్చదనం చూస్తారు. రక్తం గడ్డకడితే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. చెయ్యి తిరిగిన కేంద్రాల్లోనూ నూటికి 1 నుంచి 5 ఫ్లాపులు నిలవకపోవచ్చు. పొట్ట మీద కొవ్వే లేకపోతే తొడ నుంచి తీసే దారీ ఉంది.

గుంతకల్లు నుంచి, ఇలాంటి ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రులున్న హైదరాబాద్, బెంగళూరు రెండూ 300 కిలోమీటర్ల అటూఇటూ. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు రొమ్ము కట్టే ఆపరేషన్ ఆ పథకం ప్యాకేజీలోకి వస్తుందో రాదో ఆసుపత్రి కౌంటర్‌లో ముందే అడగాలి. డాక్టరమ్మకు మన పని ఏమిటో, రోజూ ఎంత బరువు ఎత్తుతామో చెప్పాలి. రొమ్ము తీసేముందే ఈ మాటలైతే మేలు. ఎప్పుడో తీయించుకున్నవాళ్లకూ దారి మూసుకుపోలేదు, ఏళ్ల తర్వాతైనా ఫ్లాప్ వేయొచ్చు. రేడియేషన్ తీసుకుని ఉంటే మాత్రం సాధారణంగా కనీసం 6 నెలలు ఆగమంటారు.