ట్రిప్పు లెక్కలో నిద్రకు చోటేది?

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ఆలస్యం లేకుండా లారీ ఎక్కాలి. ప్లాస్టిక్ ట్రేలలో చేపల మధ్య ఐసు ముక్కలు దట్టించి, పైన టార్పాలిన్ బిగించి బండిని హౌరా వైపు పంపిస్తారు. దూరం సుమారు 1,100 కిలోమీటర్లు. టోల్‌గేట్లు, ఊళ్లు, ట్రాఫిక్ అన్నీ కలుపుకొని లోడు బండి సగటున గంటకు 50 కిలోమీటర్లు లాగిందనుకున్నా 22 గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి. రోజుకు ఎనిమిది గంటలే నడిపితే బండి మూడో రోజుకు గానీ చేరదు. ఐసు అంతవరకూ ఆగదు. మార్కెట్లో రేటు అసలే ఆగదు.

కాబట్టి డ్రైవర్ ఆగడు.

లారీ డ్రైవర్ పనిగంటలకు మన దేశంలో చట్టమే లేదని చాలామంది అనుకుంటారు. 1961 నుంచీ ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని ఉండేది. దూరప్రాంతపు రూట్లలో అనుమతి తీసుకుంటే రోజుకు 10, వారానికి 54 వరకూ వెళ్లే వీలుండేది. ఏకబిగిన ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. ఒకరోజు డ్యూటీ దిగాక మర్నాడు ఎక్కేలోపు తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాల్సింది. వారానికో సెలవు. ఈ చట్టం ఐదుగురు, అంతకుమించి పనివాళ్లు ఉన్న సంస్థలకే వర్తించేది కదా అని తప్పించుకోవడానికీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ అవే గంటలను రవాణా వాహనం నడిపే ప్రతి ఒక్కరికీ వర్తింపజేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో పాత 1961 చట్టం కలిసిపోయింది. రోజుకు ఎనిమిది గంటలన్న సూత్రం అందులోనూ ఉంది.

కాగితం మీద లోటేమీ లేదు. లోటంతా లెక్క చూసే దగ్గరే. హైవే మీద లారీని ఆపితే ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఓవర్‌లోడు అన్నీ అడుగుతారు. ‘ఎప్పుడు పడుకున్నావు?’ అని అడిగేవారు అరుదు. అడిగినా డ్రైవర్ చెప్పిందే సాక్ష్యం.

రోడ్డు భద్రతపై పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో పది నగరాల్లో 1,200 మందికి పైగా లారీ డ్రైవర్లను కలిసి ఒక అధ్యయనం విడుదల చేసింది. సగటున రోజుకు సుమారు 12 గంటలు, 400 కిలోమీటర్లకు పైగా నడుపుతున్నట్టు తేలింది. అలసటగా ఉన్నా, నిద్ర ముంచుకొస్తున్నా నడుపుతుంటామని దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. వారానికి ఆరు రోజులు వేసుకున్నా 72 గంటలు. చట్టం చెప్పిన దానికి ఒకటిన్నర రెట్లు.

ఇన్ని గంటలు మెలకువగా ఉంటే ఒంట్లో ఏం జరుగుతుంది? మనిషి లోపలి గడియారం తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా శరీరాన్ని నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకోసారి, కొంచెం మెత్తగా లాగుతుంది. అనుభవం, ధైర్యం, ఇరవై ఏళ్ల సర్వీసు ఏవీ దీన్ని ఆపలేవు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపించారు. 24 గంటలైతే అది 100 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుంది. మన చట్టంలో తాగి నడిపేవారికి పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే ఒక్క చుక్క ముట్టని డ్రైవర్ కూడా రాత్రంతా నడిపితే, తెల్లారేసరికి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడేవాడికంటే అధ్వానంగా ఉండొచ్చు. ఊదించి చూడటానికి మిషన్ ఉంది. నిద్రలేమిని అలా చూపించే మిషన్ పోలీసుల చేతిలో లేదు.

కునుకు ఒక్కసారిగా రాదు. ముందు ఆవలింతలు, కళ్లలో ఇసుక పోసినట్టు మంట, తర్వాత బండి తెల్లగీత మీదికి జరగడం. దాటొచ్చిన ఊరు గుర్తుండదు. ఆ తర్వాతిది మూడు నాలుగు సెకన్ల నిద్ర. కళ్లు తెరిచే ఉండొచ్చు, మెదడు మాత్రం ఉండదు. 70 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి నాలుగు సెకన్లలో దాదాపు 80 మీటర్లు పోతుంది. ఆ కాస్త దూరం నిండు లోడుతో ఉన్న లారీని నడిపేవాడు ఎవడూ లేడన్నమాట. 2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో, హైదరాబాద్–బెంగళూరు హైవే మీద ఒక టెంపో డివైడర్ దాటి అవతలి వైపు వస్తున్న లారీని ఢీకొంది. 14 మంది చనిపోయారు. టెంపో డ్రైవర్‌కు కునుకు పట్టి ఉండొచ్చని పోలీసులు అనుమానించారు. వేళ తెల్లవారుజాము నాలుగు ప్రాంతం.

ఆంధ్రప్రదేశ్ హైవేల మీద పోలీసులు అర్ధరాత్రి దాటాక బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపడం చాలామంది చూసే ఉంటారు. మంచి పనే. కాకపోతే చన్నీళ్ల ప్రభావం కొన్ని నిమిషాలే. టీ పనిచేయడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఖైనీ, పాన్ మసాలా, సౌండ్ పెంచిన పాటలు డ్రైవర్‌కు తాను మేలుకునే ఉన్నానన్న నమ్మకాన్నిస్తాయి తప్ప నిద్ర బాకీ తీర్చవు. టీ తాగి, బండి పక్కకు పెట్టి ఇరవై నిమిషాలు పడుకుంటే కొంత ఉపయోగం. అదీ కొంతే.

ఈ గంటల్ని గట్టిగా లెక్కపెట్టే దేశాలు ఉన్నాయి. ఐరోపా యూనియన్‌లో రోజుకు 9 గంటల డ్రైవింగ్. వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. వారానికి 56 దాటకూడదు, వరసగా రెండు వారాలు కలిపి 90 దాటకూడదు. ఒక వారం 56 గంటలు నడిపినవాడికి మరుసటి వారం మిగిలేది 34 గంటలే. నాలుగున్నర గంటలకోసారి 45 నిమిషాల విరామం తప్పనిసరి. వీటన్నిటినీ క్యాబిన్‌లో ఉండే టాకోగ్రాఫ్ అనే పరికరం రాసిపెడుతుంది. డ్రైవర్ తన కార్డు అందులో పెట్టాకే డ్యూటీ. అక్కడా మాయలున్నాయి. గేర్‌బాక్స్ సెన్సర్‌కు అయస్కాంతం తగిలించి, నడుస్తున్న బండిని ఆగినట్టు చూపించినవాళ్లు దొరికారు.

ఆ ఐరోపా చట్టంలో అందరూ చెప్పుకునే 56, 90 అంకెలకంటే పెద్దగా ఎవరూ పట్టించుకోని పదో అధికరణం విలువైంది. రోడ్డు భద్రత దెబ్బతినేలా కిలోమీటర్లను బట్టి, తొందరగా చేర్చినదాన్ని బట్టి డ్రైవర్‌కు డబ్బులివ్వకూడదని అది చెబుతుంది. సరుకు పంపేవాడు కుదుర్చుకునే డెలివరీ టైము కూడా గంటల రూలుకు లోబడే ఉండాలని చెబుతుంది. గడియారాన్ని ఒక్క డ్రైవర్ మెడకే కట్టకుండా సరుకుదారుకీ కట్టింది.

అమెరికా అనుభవం ఇంకో సంగతి నేర్పుతుంది. అక్కడ పది గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల డ్యూటీలో 11 గంటలు నడపొచ్చు. వారం రోజుల్లో 60 గంటలు, లేదా ఎనిమిది రోజుల్లో 70 గంటలు హద్దు. 2014 జూన్ 7 అర్ధరాత్రి దాటాక న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద వాల్‌మార్ట్ లారీ ఒకటి, నటుడు ట్రేసీ మోర్గాన్ ప్రయాణిస్తున్న వ్యాన్‌ను వెనక నుంచి గుద్దింది. హాస్యనటుడు జేమ్స్ మెక్‌నేర్ చనిపోయారు, మోర్గాన్ తీవ్రంగా గాయపడ్డారు. దర్యాప్తులో లారీ డ్రైవర్ డ్యూటీ 14 గంటలు దాటలేదని తేలింది. కానీ డ్యూటీ ఎక్కడానికి ముందే అతను జార్జియాలోని ఇంటి నుంచి డెలావేర్ దాకా 12 గంటలు సొంత కారు నడుపుకొంటూ వచ్చాడు. ప్రమాదం జరిగేసరికి అతను నిద్రపోయి 28 గంటలు. రూలు డ్యూటీని లెక్కపెట్టింది, మెలకువను లెక్కపెట్టలేదు.

2017 డిసెంబరు నుంచి అమెరికాలో కాగితం లాగ్‌బుక్కులు పోయి ఎలక్ట్రానిక్ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. గంటల ఉల్లంఘనలు తగ్గాయి. అయితే వేగం కేసులు పెరిగాయని, ప్రమాదాలు మాత్రం తగ్గలేదని పరిశోధకులు గమనించారు. గోదాము దగ్గర ఎదురుచూపుల్లో పోయిన నాలుగు గంటల్ని డ్రైవర్ ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. దొంగలెక్క రాసే దారి మూసేస్తే మిగిలింది యాక్సిలరేటరే.

జపాన్ మూలాన్నే పట్టుకుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి లారీ డ్రైవర్ల ఓవర్‌టైమ్‌కు ఏడాదికి 960 గంటల పరిమితి పెట్టింది. దీంతో సరుకు రవాణా సామర్థ్యం 14 శాతం తగ్గిపోతుందన్న అంచనాలు వచ్చాయి. అయినా వెనక్కి తగ్గలేదు. లోడింగ్, అన్‌లోడింగ్, ఎదురుచూపు అన్నీ కలిపి రెండు గంటల్లో ముగించాలని సరుకు పంపేవాళ్లకీ, దించుకునేవాళ్లకీ 2023లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

మన లారీల సంగతికొస్తే అసలు జబ్బు ఈ ఎదురుచూపే. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో పెట్టిన బండి ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పరు. కాటా అవ్వాలి, హమాలీలు రావాలి, బిల్లు రావాలి. ముందు బండి పది అడుగులు జరిగితే వెనక బండీ జరగాలి కాబట్టి డ్రైవర్ క్యాబిన్‌లో పడుకున్నా నిద్రపట్టదు. ఓనరు దృష్టిలో అది విశ్రాంతి. సాయంత్రానికి లోడెక్కి బయటపడితే అప్పటి నుంచి అసలు డ్యూటీ. హైదరాబాద్ లాంటి నగరాల్లోకి పగటిపూట భారీ వాహనాలను రానివ్వరు కాబట్టి రాత్రే నడపాలి. ట్రిప్పుకింత అని జీతం, దానిమీద బత్తా. ఆగినకొద్దీ సంపాదన తగ్గుతుంది. ఇలాంటి ఏర్పాటు పెట్టి ‘ఎనిమిది గంటలకే ఆపు’ అనడం డ్రైవర్‌ను ఎగతాళి చేయడమే.

పాత రూలొకటి ఇక్కడ గుర్తుచేయాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 90వది, నేషనల్ పర్మిట్ లారీకి కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలని, రెండోవాడు కాళ్లు చాపుకొని పడుకోవడానికి డ్రైవర్ సీటు వెనక పూర్తి వెడల్పు సీటు ఉండాలని చెప్పింది. పాటించినవాళ్లు తక్కువే. 2018లో ఇద్దరు డ్రైవర్ల షరతును ప్రభుత్వమే తీసేసింది. ఖర్చు మిగలడం కోసం క్లీనర్‌ను కూడా మానేసిన బండ్లు ఇప్పుడు బోలెడు. అర్ధరాత్రి డ్రైవర్‌ను మాటల్లో పెట్టే మనిషి కూడా లేకుండా పోయాడు.

ఏమీ జరగడం లేదని అనలేం. విమాన పైలట్ల మాదిరిగా లారీ డ్రైవర్లకూ గంటలు నిర్ణయించాలని, నిద్రను పసిగట్టే సెన్సర్లు పెట్టాలని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబరులో అన్నారు. హైవేల వెంట తొలి దశలో వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. రాయలసీమ ఎండలో ఇంజిన్ వేడి పక్కన కూర్చునేవాడికి ఇది చిన్న మేలేం కాదు. కానీ ఏసీ వేస్తే నిద్ర బాకీ తీరదు, పరుపున్న విశ్రాంతి భవనం ముందు ఆగడానికి డ్రైవర్ చేతిలో టైము ఉండాలి.

వెయ్యి కిలోమీటర్లు దాటే లోడుకు రెండో డ్రైవర్‌ను మళ్లీ తప్పనిసరి చేయాలి, ఆ జీతం కిరాయిలో కలవాలి. చేప రేటు కిలోకు కొన్ని పైసలు పెరిగినా సరే. బండి గేటు దగ్గరికి వచ్చిన టైము, లోడుతో బయటపడిన టైము బిల్లు మీద రాసి, రెండు గంటలు దాటితే హాల్టింగ్ ఛార్జీ సరుకుదారు నుంచి వసూలు చేయాలి. జీపీఎస్, ఫాస్టాగ్ ఉన్న ఈ రోజుల్లో బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టోల్ వసూలుకు పనికొచ్చే ఆ లెక్క డ్రైవర్ నిద్రకు ఎందుకు పనికిరాదో రవాణా శాఖ చెప్పాలి.